కాటాకు దొరకని క్షయ

పలాస చుట్టుపక్కల ఒక డయాలసిస్ సెంటర్ అనుకోండి. పొద్దున్నే మొదటి షిఫ్టు. యాభై దాటిన జీడితోట రైతు ఒకాయన చెప్పులు విడిచి కాటా ఎక్కుతాడు. 58 కిలోలు. మొన్న డయాలసిస్ అయ్యాక దిగినప్పటి బరువు 55.5. "ఏటి బాబాయ్, నీళ్లెక్కువ తాగీసినావా?" అంటూ టెక్నీషియన్ రెండున్నర కిలోల నీరు తీయడానికి మిషన్ సిద్ధం చేస్తాడు. నాలుగు గంటల తర్వాత మళ్లీ కాటా. 55.5. పుస్తకంలో రాస్తారు. మూడు నెలలుగా ఆ పుస్తకంలో అదే అంకె.

ఇంట్లో వాళ్లకు కనిపిస్తున్న మనిషి మాత్రం వేరు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. మొలతాడు రెండుసార్లు బిగించి కట్టుకున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. ముద్ద సహించడం లేదు. పొద్దుగూకేసరికి ఒళ్లు కాస్త వెచ్చబడుతోంది. ఇంకోపక్క పాదాలు ఉబ్బుతున్నాయి, బీపీ పెరిగింది, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఆయాసం.

బరువు తగ్గలేదు. మనిషి తరిగిపోతున్నాడు. ఇదెలా సాధ్యం?

ఈ రైతును నేను ఊహించాను. ఆయన ఒంట్లో జరుగుతున్నది మాత్రం డయాలసిస్ వార్డుల్లో నిజంగా జరిగేదే. మూడు కిలోల కండ కరిగింది. దాని స్థానంలో మూడు లీటర్ల నీరు చేరింది. కాటాకు కండా నీరూ ఒకటే. పాత అంకె దగ్గరే డయాలసిస్ ఆపుతున్నారు కాబట్టి ఆ మూడు లీటర్లూ ఒంట్లోనే మిగిలి, పాదాల్లో వాపుగా, రొమ్ములో ఆయాసంగా బయటపడుతున్నాయి.

ఇంతకీ కండను కరిగిస్తున్నదేమిటి? కారణాలు చాలా ఉండొచ్చు. మన దేశంలో ముందుగా తలుచుకోవాల్సిన పేరు ఒకటుంది. దానికి మన పెద్దలు పెట్టిన పేరులోనే దాని లక్షణం ఉంది: క్షయ, అంటే తరుగుదల. తరుగుదలను బట్టే గుర్తుపట్టే జబ్బు, ఆ తరుగుదల కాటాకు ఆనని చోట చేరితే ఏమవుతుందన్నదే ఈ వ్యాసం.

■ డ్రై వెయిట్ అంటే

మూత్రపిండాలు పనిచేయని మనిషికి మూత్రం చాలా తక్కువ వస్తుంది, కొందరికి అసలు రాదు. తాగిన నీరు, కూరలోని నీరు, పండులోని నీరు ఒంట్లోనే ఉండిపోతాయి. వాపు లేకుండా, బీపీ అదుపులో ఉంటూ, కండరాలు పట్టేయకుండా ఉండే బరువును డాక్టరు అంచనా వేసి రాస్తారు. అదే డ్రై వెయిట్. డయాలసిస్ అయ్యాక మనిషి ఆ బరువుకు రావాలి. అయితే ఇది ఒకసారి రాసి వదిలేసే అంకె కాదు. కండ తగ్గితే దాన్ని తగ్గించాలి, కండ పడితే పెంచాలి. నెలల తరబడి మారని డ్రై వెయిట్‌ను ఒకసారి అనుమానంగా చూడాలి.

నివురు కింద నిప్పు

క్షయ క్రిమిని జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న లోకానికి చూపించాడు. అప్పటి నుంచి ఇప్పటి వరకూ దాని స్వభావం మారలేదు. దగ్గినప్పుడు గాల్లోకి వచ్చిన సన్నని తుంపరల్లో తేలుతూ ఇంకొకరి ఊపిరితిత్తుల్లో దిగుతుంది. అక్కడ కాపలా కాసే మ్యాక్రోఫేజ్ అనే రక్షక కణం దాన్ని మింగేస్తుంది. మామూలు క్రిమి అయితే కథ అక్కడితో ముగిసేది. క్షయ క్రిమికి మైనపు కవచం ఉంది, మింగిన కణం దాన్ని అరిగించుకోలేదు. ఆ కణం కడుపులోనే క్రిమి బతుకుతుంది.

అప్పుడు ఒళ్లు రెండో ఉపాయం పన్నుతుంది. టి-కణాలు అనే మరో రకం రక్షక కణాలు వచ్చి చుట్టూ చేరతాయి, మరిన్ని మ్యాక్రోఫేజ్‌లను పిలిపించి వాటిని ఉసిగొల్పుతాయి. అన్నీ కలిసి క్రిమి చుట్టూ దడి కడతాయి. ఈ దడినే గ్రాన్యులోమా అంటారు. లోపల క్రిమి చావదు, బయటికీ రాలేదు. మనిషికి దగ్గు లేదు, జ్వరం లేదు, ఇంకొకరికి అంటించడమూ లేదు. నివురుగప్పిన నిప్పులా అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందిలో ఈ నిప్పు ఉందని అంచనా. మన దేశంలో పెద్దవాళ్లలో అది సుమారు మూడో వంతు. వీరిలో జీవితకాలంలో జబ్బు పడేది 100కి 5 నుంచి 10 మంది. మిగిలినవాళ్లు ఆ సంగతే తెలియకుండా నిండు బతుకు బతికేస్తారు. కారణం ఒక్కటే, దడి నిలబడుతుంది. కానీ దడి ఒకసారి కట్టేస్తే నిలిచే రాతిగోడ కాదు. దాని దగ్గర కాపలావాళ్లు రాత్రింబవళ్లు మెలకువగా ఉండాలి, వాళ్లకు తిండి అందాలి, కబురు అందాలి.

మూత్రపిండాలు చెడిపోయిన ఒంట్లో ఆ కాపలావాళ్లు కునుకు తీస్తారు. 1970ల నుంచి వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలు దీన్నే పదేపదే చూపాయి. మామూలు జనంతో పోలిస్తే డయాలసిస్ మీద ఉన్నవారికి క్షయ వచ్చే ముప్పు కొన్ని రెట్ల నుంచి పదుల రెట్ల దాకా ఎక్కువ. చాలా కేసులు డయాలసిస్ మొదలైన తొలి ఏడాదిలోనే బయటపడతాయి.

జల్లెడ చేయలేని పని

మూత్రపిండాన్ని మనం జల్లెడ అనుకుంటాం. అది నిజమే, కానీ సగమే నిజం. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో దాదాపు అంతా తిరిగి రక్తానికి అప్పజెప్పి, మిగిలిన కొద్దిపాటి మూత్రంతో చెత్తను పంపేస్తాయి. ఈ పని వారంలో 168 గంటలూ నడుస్తుంది. డయాలసిస్ నడిచేది వారానికి మూడు విడతలుగా 12 గంటలు. మన దగ్గర రెండు విడతలతో నెట్టుకొచ్చేవాళ్లూ ఎందరో. యూరియా లాంటి చిన్న అణువులను మిషన్ బాగానే తీస్తుంది. కాస్త పెద్దవీ, రక్తంలోని ప్రోటీన్లను పట్టుకుని వేలాడేవీ మాత్రం చాలావరకు ఉండిపోతాయి.

ఆ మిగిలిపోయిన చెత్తలోనే రక్షక కణాలు రోజంతా ఈదాలి. వరదనీరు నిలిచిన వీధిలో కాపలా తిరిగేవాడి పరిస్థితి వాటిది. టి-కణాల సంఖ్య తగ్గుతుంది, ఉన్నవి తొందరగా ముసలివవుతాయి. క్రిమి ముక్కను పట్టుకొచ్చి "ఇదిగో శత్రువు" అని చూపించాల్సిన కణాలు మందకొడిగా తయారవుతాయి. డయాలసిస్ రోగులకు దీని రుజువు తమ టీకా కార్డులోనే దొరుకుతుంది. హెపటైటిస్-బి టీకా అందరికీ ఇచ్చే మోతాదుకు రెట్టింపు వాళ్లకు ఇస్తారు. మామూలు మోతాదుతో వాళ్ల ఒళ్లు తగినంతగా స్పందించదు కాబట్టి. టీకా చూపించిన శత్రువును గుర్తుపెట్టుకోలేని ఒళ్లు, దడి వెనక దాగిన శత్రువును ఎంతకాలమని కనిపెట్టుకుని ఉంటుంది?

ఇక రెండో సగం. మూత్రపిండం వడకట్టడమే కాదు, వండుతుంది కూడా. ఎండ తగిలి చర్మంలో తయారయ్యే విటమిన్-డి పచ్చి సరుకు. కాలేయంలో ఒక వంట, మూత్రపిండంలో ఆఖరి వంట అయితేనే అది పనిచేసే రూపానికి వస్తుంది. ఎముకలకు కావాల్సిన ఆఖరి వంట మూత్రపిండానిదే. మ్యాక్రోఫేజ్‌లకు మాత్రం సొంతంగా ఒక చిన్న పొయ్యి ఉంది. క్రిమి కనబడగానే ఆ పొయ్యి వెలిగించి, విటమిన్-డిని పదునుపెట్టి, దాని సాయంతో కాథెలిసిడిన్ అనే క్రిమిసంహారిని తయారుచేసుకుంటాయి. 2006లో అమెరికా పరిశోధకులు ఈ గొలుసును విప్పి చూపించారు. పొయ్యి ఉన్నా సరుకు ఉండాలి కదా. డయాలసిస్ రోగుల రక్తంలో ఆ పచ్చి సరుకే చాలామందికి కరువు.

అలాగని విటమిన్-డి గుళికలు మింగితే క్షయ రాదనుకోవద్దు. మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలతో మూడేళ్లు నడిపిన పరీక్షలో ఆ గుళికలు క్షయ క్రిమి సోకకుండా ఆపలేకపోయాయి. ఒక మేకు వదులైతే దడి వాలుతుంది, ఆ మేకొక్కటే బిగిస్తే లేవదు.

మేకులు ఇంకా ఉన్నాయి. మూత్రపిండాలు చెడడానికి పెద్ద కారణమైన మధుమేహం తనంతట తానే క్షయ ముప్పును దాదాపు మూడు రెట్లు చేస్తుంది. మన రైతుది లాంటి పలాస పల్లెలున్న ఉద్దానం ప్రాంతంలో చాలామందికి మధుమేహం లేకుండానే మూత్రపిండాలు పోతున్నాయి, ఆ కారణం ఇంకా తేలలేదు. వాళ్లకు ఈ మేకు గట్టిగా ఉన్నా, తర్వాతి మేకు వదులే. అది తిండి.

తిండి భయం

ఈ మాట కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం ఆపగలిగినది. మూత్రపిండాలు దెబ్బతింటున్న తొలి రోజుల్లో డాక్టరు చెబుతారు, "పప్పు, గుడ్డు, మాంసం తగ్గించండి" అని. అప్పటికి అది సరైన సలహా. ఆ తర్వాత డయాలసిస్ మొదలవుతుంది. సలహా తలకిందులవుతుంది, కానీ ఆ కబురు చాలా ఇళ్లకు చేరదు. వంటింట్లో పాత నిషేధమే నడుస్తుంటుంది.

నిజానికి ప్రతి డయాలసిస్‌లో చెత్తతో పాటు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు కూడా కొట్టుకుపోతాయి. ఒకటి రెండు గుడ్లలో ఉండే మాంసకృత్తులతో సమానం అది. అందుకే డయాలసిస్ మీద ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మన రైతుకైతే సుమారు 55 నుంచి 65 గ్రాములు. గంజీ, చారన్నంతో బతికే మనిషికి అందులో సగం అందడమే కష్టం.

తిండికీ క్షయకూ ఉన్న సంబంధం మన దేశంలోనే బలంగా రుజువైంది. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలకు అదనంగా తిండి సరుకులు ఇచ్చి చూసిన రేషన్స్ అనే పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ బారిన పడేవాళ్లు 39 శాతం తగ్గారు. మందు కాదు, టీకా కాదు, బియ్యం, పప్పు లాంటి సరుకులు. ఆ పరీక్ష డయాలసిస్ రోగుల మీద చేసింది కాదు. కానీ ఆకలితో ఉన్న కాపలావాడు ఎవరి ఒంట్లో ఉన్నా ఆకలితోనే ఉంటాడు. ఏ పదార్థం ఎంత తినాలో, పొటాషియం, ఫాస్ఫరస్ మితిమీరకుండా ఎలా చూసుకోవాలో డైటీషియన్‌ను అడిగి తెలుసుకోవడం ఈ రోగుల హక్కు.

ప్రతి లక్షణానికీ ఒక కారణం సిద్ధం

ఇప్పుడు మన రైతు దగ్గరికి వద్దాం. ఆకలి లేదంటే, ఒంట్లో యూరియా ఎక్కువైతే ఉండదు మరి అంటారు. నీరసమంటే రక్తం తక్కువ అంటారు. ఆయాసానికి నీరు కారణం. జ్వరానికి డయాలసిస్ కోసం మెడలో పెట్టిన క్యాథెటర్ గొట్టంలో ఇన్‌ఫెక్షన్ కారణం. రక్తపరీక్షలో ఈఎస్సార్ ఎక్కువగా ఉంటే డయాలసిస్ రోగులందరికీ అంతే. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. చాలాసార్లు అవే నిజమైన కారణాలు కూడా. అందుకే క్షయ వీటి చాటున అంత సులువుగా దాక్కుంటుంది. మామూలు మనిషిలో ఈ లక్షణాలకు వేరే కారణం ఉండదు కాబట్టి డాక్టరు వెతుకుతాడు. ఇక్కడ వెతకకముందే జవాబు చేతికొస్తుంది.

పైగా మూత్రపిండాలు పోయినవారి ఒంటి వేడి మామూలుగానే కాస్త తక్కువగా ఉంటుంది. ఇతరులకు 101 చూపించే జ్వరం వీరికి 99 దగ్గరే ఆగిపోవచ్చు. దగ్గు కోసం ఎదురుచూద్దామంటే అదీ రాకపోవచ్చు. మామూలు జనంలో క్షయ ఎక్కువగా ఊపిరితిత్తులకే వస్తుంది. డయాలసిస్ రోగుల్లో మాత్రం దాదాపు సగం కేసుల్లో అది ఊపిరితిత్తుల బయట తేలుతుంది. మెడలో బిళ్లలు కడతాయి, ఊపిరితిత్తుల పొరలోనో కడుపు పొరలోనో నీరు చేరుతుంది, వెన్నెముక నొప్పి పెడుతుంది. దడి బలహీనమైన ఒంట్లో క్రిమి రక్తంలో పడి దూరాలకు పోతుంది. తెమడ పరీక్షలో ఏమీ లేదని వస్తే, తెమడలో లేదని మాత్రమే అర్థం.

రొమ్ములో నీరు చేరితే డయాలసిస్‌లో లాగేస్తే పోతుందిలే అనుకోవడం సహజం. ఒంట్లో నీరెక్కువై చేరిన నీరు సాధారణంగా రెండు పక్కలా ఉంటుంది, గట్టిగా లాగితే తగ్గుతుంది. ఒక పక్కనే ఉండి, ఎంత లాగినా తగ్గకపోతే సూది పెట్టి ఆ నీటిని పరీక్షకు పంపాల్సిందే. బిళ్లకైనా అంతే, సూదితో తీసిన ముక్కను చూడాలి. సీబీనాట్, ట్రూనాట్ లాంటి పరీక్షలు క్రిమి జన్యువును గంటల్లోనే పట్టిస్తాయి.

ఇంకో ఆనవాలు ఉంది, నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమేసేది. డయాలసిస్ రోగుల్లో కాల్షియం సాధారణంగా తక్కువ వైపే ఉంటుంది, మాత్రలతో నిలబెడతారు. క్షయ వచ్చిన కొందరిలో అది ఉన్నట్టుండి పెరుగుతుంది. మ్యాక్రోఫేజ్‌ల దగ్గర చిన్న పొయ్యి ఉందని చెప్పుకున్నాం కదా. లెక్కకు మించి గుమిగూడిన మ్యాక్రోఫేజ్‌లు ఆ పొయ్యిలన్నీ ఒకేసారి వెలిగిస్తే, తయారైన విటమిన్-డి పొంగి రక్తంలో పడుతుంది, కాల్షియాన్ని ఎగదోస్తుంది. మూత్రపిండాల వంట ఆగిపోయిన ఒంట్లో ఈ వంట ఎక్కడ నడుస్తున్నట్టు? మాత్రలు తగ్గించేసి ఊరుకోకుండా ఆ ప్రశ్న అడిగితే దడి ఎక్కడ విరిగిందో దొరుకుతుంది.

■ చేతి మీద పరీక్ష ఎందుకు తప్పుతుంది

మాంటూ పరీక్షలో ముంజేతి చర్మంలోకి క్షయ క్రిమి ప్రోటీన్ కొద్దిగా ఎక్కిస్తారు. క్రిమిని ఎరిగిన టి-కణాలు ఉంటే రెండు మూడు రోజుల్లో అక్కడ గట్టిగా దద్దు లేస్తుంది. అంటే ఈ పరీక్ష అడిగేది టి-కణాలను. అవి మగతలో ఉంటే జవాబు రాదు. దద్దు లేవని డయాలసిస్ రోగికి క్రిమి సోకలేదని చెప్పలేం. రక్తం తీసి, గాజు గొట్టంలో టి-కణాలను కదిపి చూసే ఇగ్రా పరీక్ష వీరిలో కాస్త మెరుగు. అదీ కొన్నిసార్లు ఎటూ తేల్చదు. ఈ రెండు పరీక్షలూ సోకిందా లేదా అనే చెబుతాయి, జబ్బు మొదలైందా లేదా చెప్పవు.

అందరూ పీల్చే గాలి

డయాలసిస్ హాలులో పదిమంది పక్కపక్కన, తలుపులు మూసిన ఏసీ గదిలో, వారానికి 12 గంటలు గడుపుతారు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న ఒక్కరు దగ్గితే మిగతావాళ్లు పీల్చేది అదే గాలి. క్షయ గాలి ద్వారానే పాకుతుందని 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్ ఆసుపత్రిలో తేలింది. ఆరు పడకల క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైనున్న గినీ పందుల గదికి పంపారు. వార్డులోని మనిషిని ఒక్కసారీ తాకని ఆ జంతువులకు క్షయ సోకింది.

విరుగుడు ఖరీదైనది కానక్కర్లేదు. పెరూ రాజధాని లీమాలో ఆసుపత్రి గదులను కొలిచి చూస్తే, కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో గాలి మార్చే ప్రత్యేక గదుల్లో అది 12 సార్లే. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలున్న పాత కట్టడాలే అన్నిటికన్నా మెరుగ్గా నిలిచాయి. డయాలసిస్ హాలు కట్టేవాళ్లు ఏసీ గురించి ఆలోచించేంతగా కిటికీ గురించి కూడా ఆలోచించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంకో మాట. క్షయ ఉందని తేలిన రోగిని "మా సెంటర్‌కు రావొద్దు" అనడం ప్రాణం తీయడమే. డయాలసిస్ లేకుండా ఆయన వారం పది రోజులు కూడా నిలవకపోవచ్చు. క్షయ మిషన్ ద్వారా పాకదు. మెడ బిళ్లల క్షయో వెన్నెముక క్షయో ఉన్న మనిషి నుంచి పక్కవాళ్లకు అంటుకోదు. ఊపిరితిత్తుల క్షయ అయితే మాస్కు, విడిగా ఒక గది, అది లేకపోతే చివరి షిఫ్టులో కిటికీ పక్క మంచం. మందు పనిచేయడం మొదలయ్యేదాకా ఈ జాగ్రత్త చాలు.

మందు ఎప్పుడు, ఎంత

క్షయకు మొదట వాడేవి నాలుగు మందులు. ప్రభుత్వ కార్యక్రమంలో నాలుగూ కలిపిన ఒకే మాత్రను బరువును బట్టి రోజూ ఇస్తారు. కోట్లమందికి మేలు చేసిన ఏర్పాటు అది. డయాలసిస్ రోగికి మాత్రం అది అలాగే సరిపోదు. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్‌లను కాలేయం చూసుకుంటుంది, అవి రోజూ మామూలు మోతాదులోనే ఇవ్వొచ్చు. ఇథాంబుటాల్ బయటికి పోవాల్సిన దారి మూత్రపిండమే. పైరాజినమైడ్ విరిగి తయారయ్యేవాటి దారీ అదే. ఆ దారి మూసుకుపోయింది కాబట్టి ఈ రెండింటినీ వారానికి మూడుసార్లే, అదీ డయాలసిస్ అయిపోయాక ఇస్తారు. ముందే మింగితే మందు కొంత మిషన్‌లో కొట్టుకుపోతుంది. రోజూ మింగితే ఒంట్లో పేరుకుంటుంది. ఇథాంబుటాల్ పేరుకుంటే కంటి నరం దెబ్బతింటుంది, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోవడంతో అది మొదలవుతుంది. అందుకే వీరికి విడి మాత్రలు రాయించుకోవాలి. ఐసోనియజిడ్‌తో పాటు బి6 విటమిన్ కూడా తప్పనిసరి. లేకపోతే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి.

రిఫాంపిసిన్‌కు ఒక గుణముంది. అది కాలేయాన్ని ఉరుకులు పెట్టిస్తుంది, ఆ ఉరుకులో కాలేయం బీపీ మాత్రలను కూడా విరిచి పారేస్తుంది. క్షయ మందు మొదలుపెట్టిన రెండు వారాలకు బీపీ ఎగబాకితే, మళ్లీ నీళ్లు ఎక్కువ తాగావా అని రోగినే కసురుకుంటారు. తప్పు ఆయనది కాదు, బీపీ మందు మోతాదు చూసుకోవాలి. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారిలో ఇదే గుణం మరింత ప్రమాదకరం. కొత్త మూత్రపిండాన్ని కాపాడే మందును అది విరిచేస్తుంది. క్షయను మార్పిడికి ముందే వెతికి పట్టుకోవాలనడానికి ఇదొక కారణం.

జబ్బు రాకముందే, క్రిమి సోకిన దశలోనే మందిచ్చి నిప్పును ఆర్పే పద్ధతీ ఉంది. 2021 నాటి జాతీయ మార్గదర్శకాలు ఆ నివారణ చికిత్సకు అర్హుల జాబితాలో డయాలసిస్ రోగులను చేర్చాయి. అయితే ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి. ఉన్న జబ్బుకు నివారణ మోతాదు ఇస్తే క్రిమి చావకపోగా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది.

పుస్తకంలో కొత్త అంకె

మన రైతు మెడ కింద చిన్న బిళ్ల ఒకటి నర్సు చేతికి తగిలిందనుకుందాం. సూది పరీక్షలో క్షయ తేలింది. మందులు మొదలయ్యాయి. డ్రై వెయిట్‌ను విడతకు కొంచెం చొప్పున 52.5కు దించారు, వాపు పోయింది, వెల్లకిలా పడుకోగలుగుతున్నాడు. ఇంట్లో గుడ్డు మీద నిషేధం ఎత్తేశారు.

రెండు నెలలు గడిచాక ఒకరోజు డయాలసిస్ చివరి అరగంటలో ఆయన పిక్కలు పట్టేశాయి, బీపీ పడిపోయింది, కళ్లు తిరిగాయి. తర్వాతి విడతలోనూ అంతే. పాదాల్లో వాపు లేదు, ఆయాసం లేదు. లేని నీటిని మిషన్ లాగుతోంది. కాటా మీద పెరిగినట్టు కనిపిస్తున్న అర కిలో ఈసారి నీరు కాదు, కండ. డాక్టరు పుస్తకం తీసి 52.5ను కొట్టేసి, పక్కన 53 అని రాశారు.